బూందీని ముందు ఒక్కదాన్నే నడిపించండి

ప్రశ్న: అక్కా, మాది విజయవాడ, మొగల్రాజపురం. లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. ఇంట్లో ఇప్పటికే రెండు కుక్కలున్నాయి. రాజా 9 ఏళ్ల లాబ్రడార్, చిట్టి 5 ఏళ్ల నాటుకుక్క. పోయిన నెల వానల్లో మా సెల్లార్‌లో ఒక ఆడ కుక్కపిల్ల దొరికింది, తల్లి జాడ లేదు. బూందీ అని పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు దానికి 10 వారాలు ఉంటాయని డాక్టర్ అన్నారు, మొదటి సూది వేశారు. మూడింటినీ కలిపి వాకింగ్‌కి తీసుకెళ్తే పని తేలికవుతుంది కదా అని మొన్న కిందికి దించాను. బూందీ నాలుగడుగులు వేసి కూర్చుండిపోయింది. రాజా ముందుకు లాగేశాడు. వీధికుక్కలు మొరిగేసరికి చిట్టి వెనక్కి తిరిగి బూందీ మీద గుర్రుమంది. అది నా కాళ్ల మధ్య దూరి ఉచ్చ పోసేసింది. నాకు చేతులు వణికిపోయాయి. మావారు పొద్దున 6.30కే డ్యూటీకి వెళ్లిపోతారు. అత్తయ్యగారు "ఉన్న రెండూ చాలవా" అంటున్నారు. నేనొక్కదాన్నే మూడింటినీ ఎలా నడిపించాలి? (పేరు రాయవద్దు.)

జవాబు: అమ్మా, ముందు ఆ వణుకు సంగతి. మూడు లీష్‌లు పట్టుకుని, ఒకటి ముందుకి, ఒకటి పక్కకి, ఒకటి కాళ్ల సందులోకి లాగుతుంటే, పైగా వీధికుక్కలు చుట్టూ చేరితే, ఇరవయ్యేళ్ల నుంచి కుక్కల్ని పెంచుతున్న నాకైనా చేతులు వణుకుతాయి. మీకు చేతకాక జరిగింది కాదు అది. కుక్కల తప్పు కూడా ఏం లేదు. రాజాకి రోజూ నడిచే దారి ఉంది, ఆగి వాసన చూడాల్సిన గోడలున్నాయి, వాడు ఆ ధ్యాసలో వెళ్లాడు. చిట్టికి ఎదురుగా తనకు పడని కుక్కలు కనిపించాయి, అదే సమయంలో కాళ్ల కింద ఈ పిల్ల అడ్డం పడుతోంది, "జరుగు" అని దాని భాషలో చెప్పింది. బూందీకైతే అన్నీ కొత్తే. ఒంటికి తగిలించిన తాడు కొత్త, బండ్ల చప్పుడు కొత్త, రోడ్డు వాసన కొత్త.

కాబట్టి సూటిగా చెప్తాను. కనీసం రెండు మూడు నెలల పాటు మూడింటినీ కలిపి తీసుకెళ్లకండి. పని పెరుగుతుంది కదక్కా అంటారేమో, నిజమే, కొన్నాళ్లు పెరుగుతుంది. కానీ పిల్ల భయంతో మొదలుపెట్టిన నడకని తర్వాత సరిచేయడానికి పట్టే టైమ్ ముందు ఈ రెండు మూడు నెలలు ఎంతో కాదు.

దీనికంటే ముందు తేల్చుకోవాల్సింది వ్యాక్సిన్ విషయం. ఒక్క సూది పడింది కాబట్టి రక్షణ వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. రాలేదు. తల్లిపాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్లూ అది వ్యాక్సిన్‌ని సరిగ్గా పని చేయనివ్వదు, ఆ రక్షణ ఎప్పుడు తగ్గిపోతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాల వయసు దాకా, మళ్లీ మళ్లీ వేస్తారు. రేబిస్ సూది సాధారణంగా 3 నెలలు నిండాక. చివరి డోసు పడ్డాక రెండు వారాలు ఆగి, మీ డాక్టర్ సరే అన్నాకే వీధిలో నేల మీద నడిపించండి. మొన్న దించారు కాబట్టి ఇప్పుడు కంగారు పడి లాభం లేదు, కానీ ఈ పది పదిహేను రోజులు దాన్ని కాస్త కనిపెట్టి ఉండండి. తిండి మానేసినా, వాంతులైనా, విరేచనాల్లో రక్తం కనిపించినా "రేపు చూద్దాం" అనుకోకుండా ఆ పూటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం పార్వో. 1978లో ఈ జబ్బుని మొదటిసారి గుర్తించారు, అప్పట్నుంచీ కుక్కపిల్లల పాలిట యముడిలా ఉంది. ఇంకో కుక్కని తాకక్కర్లేదు, జబ్బుపడ్డ కుక్క ఎప్పుడో విరేచనం చేసిన మట్టిలో ఆ వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది, మన చెప్పులకి అంటుకుని ఇంట్లోకి కూడా వచ్చేస్తుంది. నేను మొదటిసారి పిల్లని తెచ్చుకున్నప్పుడు ఇవేవీ తెలియవు. ఒక సూది పడింది కదా అని మా పెద్దకుక్కతో పాటు వీధి చివర మట్టి మైదానానికి తీసుకెళ్లాను. వారం తిరిగేసరికి వాంతులు, రక్తవిరేచనాలు. మూడు రోజులు సెలైన్ ఎక్కించినా నిలవలేదు. ఇప్పటికీ ఆ మైదానం పక్కనుంచి వెళ్తే నాకు కడుపులో దేవినట్టే ఉంటుంది. మీకు అలా జరగకూడదనే రాస్తున్నాను. రాజాకి, చిట్టికి ఈ ఏడాది బూస్టర్లు పడ్డాయో లేదో ఒకసారి పుస్తకం తీసి చూడండి. బయటి నుంచి రాగానే వాటి పాదాలు తుడవండి, మీ చెప్పులు గుమ్మం బయటే వదలండి.

అలాగని బూందీని గదిలో పెట్టి తలుపేయకండి, అది ఇంకో రకం తప్పు. పుట్టిన మూడో వారం నుంచి సుమారు 12, 14 వారాల దాకా పిల్ల ఏం చూస్తే, ఏం వింటే అది దానికి మామూలు విషయం అయిపోతుంది, ఆ కిటికీ మూసుకుపోయాక కొత్తవన్నీ అనుమానంగా చూడటం మొదలుపెడుతుంది. మీ పిల్ల ఇప్పుడు సరిగ్గా ఆ వయసులో ఉంది. నేల మీద దించకుండా లోకం చూపించడం ఎలాగా అంటే, ఎత్తుకోండి. ఒక గట్టి గుడ్డసంచి భుజానికి వేసుకుని, అందులో దాన్ని కూర్చోబెట్టుకుని, తల మాత్రం బయటికి పెట్టనిచ్చి, పొద్దున్నే వీధి చివరిదాకా వెళ్లి రండి. ఆటో, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, చీపురుతో ఊడ్చే ఆవిడ, బడికి వెళ్లే పిల్లలు, చెత్తబండి పాట, ఇవన్నీ మీ ఒంటి వెచ్చదనంలో ఉండి చూడాలి అది. ఏదైనా కొత్తది కనిపించగానే ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్క, గోరంత, నోట్లో పెట్టండి. భయపడి సంచిలోకి ముడుచుకుంటే దగ్గరికి వెళ్లొద్దు, నాలుగడుగులు వెనక్కి వచ్చి దూరం నుంచి చూపించండి. రోజుకి పది నిమిషాలు చాలు.

నడక నేర్పేది ఇంట్లో, డాబా మీద (వేరే కుక్కలు తిరగని డాబా అయితేనే). మెడకి గొలుసు వద్దు. భయపడి వెనక్కి గుంజుకునే పిల్లకి గొలుసు గొంతు మీద పడుతుంది, బయటికి వెళ్తే నొప్పి అనే లెక్క దాని బుర్రలో పడిపోతుంది. ఛాతీ మీదుగా వచ్చే మెత్తటి హార్నెస్ కొనండి, బెల్టుకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి, అంతకంటే వదులుంటే నాటు పిల్లలు భయమేసినప్పుడు వెనక్కి నడిచి ఇట్టే జారిపోతాయి. పిల్ల నెలనెలా పెరుగుతుంది కాబట్టి వారానికోసారి సైజు సరిచూడండి. మెడకి పల్చటి బెల్టు ఒకటి ఉండనివ్వండి, మీ ఫోన్ నంబర్ రాసిన బిళ్ల కోసం. మొదటి రెండు రోజులు హార్నెస్ వేసి అన్నం పెట్టండి, ఆడించండి, తీసేయండి. మూడో రోజు లీష్ తగిలించి మీ కళ్ల ముందే దాన్ని ఈడ్చుకుంటూ తిరగనివ్వండి. ఆ తర్వాత చివర పట్టుకుని అది వెళ్లిన వైపే మీరూ వెళ్లండి. నాలుగైదు రోజులకి మీరు పిలిచిన వైపు అది వస్తుంది.

కూర్చుండిపోతే ఏం చేయాలి? లాగకండి. చాలామంది ఇక్కడే ఓపిక పోగొట్టుకుంటారు. దాని పక్కన గొంతుకూర్చోండి, ఎదురుగా కాదు, పక్కన. ఏమీ అనకుండా ఆగండి. అది చుట్టూ చూస్తుంది, గాలి వాసన పీలుస్తుంది, లెక్కలు వేసుకుంటుంది. ఒక్క అడుగు వేసినా మెచ్చుకోండి, ముక్క పెట్టండి. ఇంకో చిట్కా చెప్తాను, నాకు ప్రతిసారీ పనికొచ్చింది: పిల్లలు ఇంటి నుంచి బయటికి నడవడానికి మొరాయిస్తాయి గానీ ఇంటి వైపు మాత్రం హుషారుగా నడుస్తాయి. అందుకని వీధిలో నడిపించొచ్చని డాక్టర్ సరే అన్నాక, ఎత్తుకుని వంద అడుగులు తీసుకెళ్లి, అక్కడ దించి, ఇంటి వైపు నడిపించండి. వారం తర్వాత నూట యాభై. అలా దారి దానికి అలవాటవుతుంది.

ఎంతసేపు నడిపించాలి అని మీరు అడగలేదు, అయినా చెప్పాలి. నెల వయసుకి 5 నిమిషాలు అని ఒక లెక్క వాడుకలో ఉంది, 3 నెలల పిల్లకి 15 నిమిషాలు, 4 నెలలకి 20. అదేం శాసనం కాదు గానీ చేతికింద ఉంచుకోవడానికి మంచిదే. ఎముకల చివర్లు ఇంకా గట్టిపడని వయసులో పెద్దకుక్క వేగంతో అరగంట నడిపిస్తే పిల్ల పరుగెత్తుకుంటూ రావాల్సి వస్తుంది, వెనకబడిపోతానేమో అని ఒగరుస్తూ వస్తుంది. చూసేవాళ్లకి ముచ్చటగా ఉంటుంది గానీ పిల్లకి మంచిది కాదు. మూడంతస్తుల మెట్లు కూడా ప్రస్తుతానికి ఎత్తుకునే దించండి, ఎక్కించండి.

ఇక రాజా. మీ ఉత్తరం చదువుతుంటే నాకు బూందీ కంటే వాడి గురించే ఎక్కువ అనిపించింది. 9 ఏళ్ల లాబ్రడార్ అంటే పెద్దాడు, కీళ్లు పట్టేసే వయసు. కొత్తపిల్ల రాగానే ఇంట్లో అందరి చూపూ దాని మీదికి పోతుంది, వాడి నడక అరగంట నుంచి పది నిమిషాలకి కుదించుకుపోతుంది, మనం గమనించను కూడా గమనించం. వాడి నడక వాడికి ఉంచండి. అదే దారి, అదే టైమ్, వాడి గోడలు వాడు తీరిగ్గా వాసన చూసుకోవాలి. మొగల్రాజపురంలో కొండవైపు ఎత్తు రోడ్లుంటాయి కదా, అటు కాకుండా చదునుగా ఉన్న వైపు తీసుకెళ్లండి. నడిచొచ్చాక కుంటుతున్నా, లేవడానికి ఇబ్బంది పడుతున్నా వయసు అని వదిలేయకుండా డాక్టర్‌కి చూపించండి, నొప్పితో ఉన్న పెద్దకుక్క మీద పిల్ల ఎక్కి దూకితే ఎంత సాధువైనా కరుస్తుంది.

చిట్టి గుర్రుమన్నందుకు తిట్టారా? తిట్టి ఉంటే ఇకమీదట వద్దు. గుర్రుమనడం హెచ్చరిక, అది మనకీ పిల్లకీ మేలు చేసే హెచ్చరిక. తిట్టీ కొట్టీ ఆ గుర్రుని మాన్పిస్తే చిరాకు పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది, తర్వాత చప్పుడు చేయకుండా కరిచేస్తుంది. గుర్రుమన్నప్పుడు మీరు చేయాల్సింది బూందీని అక్కణ్నుంచి తీసేయడం. ఇంట్లో చిట్టికి, రాజాకి పిల్ల రాలేని చోటు ఒకటి ఉండాలి, గుమ్మానికి అడ్డంగా ఒక చెక్క పెట్టినా సరిపోతుంది. గిన్నెలు మూడు మూలల్లో పెట్టండి, తినేటప్పుడు మీరు అక్కడే ఉండండి. చిట్టి ఒళ్లు బిగబట్టి, రెప్ప వేయకుండా పిల్ల వైపే చూస్తుంటే అది గుర్రు కంటే పెద్ద సంకేతం, మాట్లాడకుండా విడదీయండి. అది నెలలు గడిచినా తగ్గకపోతే కుక్కల ప్రవర్తన తెలిసిన డాక్టర్‌తో మాట్లాడండి.

అసలు వీధిలో ఎందుకు తిరగబడిందంటే, వీధికుక్కల మీద వచ్చిన కోపం అవతలికి చేరక పక్కనున్న దాని మీద పడింది. మనుషుల్లో ఆఫీసు కోపం ఇంట్లో చూపించినట్టే. ఇది పిల్లకి చాలా ప్రమాదం, పెద్దకుక్క ఒక్కసారి విదిలించి కరిస్తే 4 కిలోల పిల్ల తట్టుకోలేదు. చిట్టిని, బూందీని ఒకే చేత్తో పట్టుకోవద్దు అని నేను పట్టుబట్టేది అందుకే. ఇంకోటి, పిల్లలు పెద్దవాటిని చూసి నేర్చుకుంటాయి. చిట్టి వీధికుక్కల్ని చూసి మొరిగితే మొరగాలని నేర్చుకుంటుంది, రాజా పట్టించుకోకుండా వెళ్తే అదీ నేర్చుకుంటుంది. మొదట ఎవరి పక్కన నడిపించాలో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

వ్యాక్సిన్లు పూర్తయ్యాక, బూందీ మీతో ఒంటరిగా వీధిలో పది నిమిషాలు తోక దించకుండా నడవగలిగాక, మీవారి సెలవురోజు ఒకటి చూసుకోండి. మీరు బూందీని, ఆయన రాజాని పట్టుకోండి. ఇంటి గుమ్మంలో కలపకండి, రోడ్డు మీదికి విడివిడిగా వచ్చి, పది పన్నెండు అడుగుల ఎడంతో ఒకే వైపు నడవండి. ముక్కులు ఆనించాల్సిన పని లేదు, పలకరింపులు వద్దు, ఇద్దరూ ఒకే దారిలో వెళ్తున్నారంతే. ఐదు నిమిషాలయ్యాక ఎడం కొంచెం తగ్గించండి. బూందీ రాజా మూతి మీదికి దూకబోతే మళ్లీ ఎడం పెంచండి. అలా నాలుగైదు సార్లు అయ్యాక రాజా స్థానంలో చిట్టి, ఇంకా ఎక్కువ ఎడంతో, వీధికుక్కలు తక్కువగా ఉండే టైమ్‌లో. ఆ జతలు రెండూ కుదిరాకే మూడూ కలిసి, అదీ ఇద్దరు మనుషులతో. రెండు కుక్కల్ని ఒకే లీష్‌కి కలిపే కొక్కెం అమ్ముతారు, కొనకండి, రాజా ఒక్క గుంజు గుంజితే పిల్ల మెడ ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సాగే తాడు లీష్ కూడా వద్దు, బిగించేలోపు పిల్ల బండి కిందికి వెళ్లిపోగలదు. లీష్‌ని మణికట్టుకి చుట్టుకోవద్దు.

మీరొక్కరే మూడింటినీ నడిపించే రోజు ఎప్పుడు? రాజా, బూందీ కలిపి మీరొక్కరే తీసుకెళ్లడం బూందీకి ఏడెనిమిది నెలలు వచ్చాక కుదరొచ్చు. మూడూ కలిపి ఒక్కరే అంటే మాత్రం, నేను ఇప్పటికీ చేయను. 30 కిలోల కుక్క ఒకటి, కోపిష్టిది ఒకటి, కుర్రది ఒకటి, రోడ్డు మీద ఏదైనా జరిగితే రెండు చేతులు సరిపోవు. రెండు విడతలుగా వెళ్లడం మీకు మామూలు అలవాటు కావడమే మంచిది. పొద్దున 5.30కి లేవగానే బూందీని డాబా మీదికి తీసుకెళ్లి ఒంటేలుకి కూర్చోబెట్టండి, నిద్ర లేచిన వెంటనే దానికి ఆగదు. తర్వాత మీవారికి అప్పగించి, ఆయన తయారయ్యేలోపు రాజా, చిట్టి ఇద్దరినీ తిప్పుకొని వచ్చేయండి, వాటికి కలిసి నడిచే అలవాటు ఉంది కదా. బూందీ వంతు సాయంత్రం, ఎండ తగ్గాక. మీరూ అదీ మాత్రమే. ఆ పావుగంట చాలా విలువైంది, లేకపోతే పిల్ల రాజాకి అంటుకుపోయి, వాడు పక్కన లేకపోతే ఏడ్చే రకం అవుతుంది, మీరు పిలిస్తే మాత్రం పలకదు.

ఎండ అన్నాను కాబట్టి, వానాకాలం అయినా విజయవాడలో తెరిపిచ్చిన రోజు రోడ్డు కాలిపోతుంది. అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకి ఆనించి ఏడు లెక్కపెట్టండి, మీకు ఓర్చుకోలేకపోతే వాటి పాదాలకీ అంతే. నిలిచిన వాననీళ్లు తాగనివ్వకండి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు క్రిములు ఉండొచ్చు, ఆ జబ్బు మనుషులకీ వస్తుంది. ఇంటికొచ్చాక చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు చూడండి, టిక్ ఫీవర్ తెచ్చేవి అవే. రాజాకి వాడే గోమార్ల మందు బూందీకి వేయొద్దు, బరువుని, వయసుని బట్టి దాని మందు వేరు.

వీధికుక్కల గురించి. వాటిని తరిమేయమని మీరు అడగలేదు, సంతోషం. బూందీ కూడా వాటి బిడ్డే కదా. చెవి కొస V ఆకారంలో కత్తిరించి ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు, 2023 నాటి ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, రేబిస్ సూది వేసి, సాధారణంగా పట్టుకున్న చోటే వదలాలి. మీ వీధిలో వాటికి అన్నం పెట్టేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, కనుక్కోండి, మీరు నడిచే టైమ్‌కి వేరే చోట పెట్టమని అడగండి, ఇలా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. దూరం నుంచి కనిపించగానే వెనక్కి తిరిగిపోండి, పరుగెత్తకండి. ఒకటి మరీ దగ్గరికి వస్తే గుప్పెడు బిస్కెట్లు దాని వెనక్కి పడేలా విసిరి, మీరు పక్కకి తప్పుకోండి. పిల్ల చిన్నగా ఉన్నన్నాళ్లూ ముందే ఎత్తుకోండి, అవి మీద పడుతున్నప్పుడు కాదు.

ఒక ముఖ్యమైన మాట, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. బూందీ ఎక్కడ పుట్టిందో, తల్లిని ఏది కరిచిందో మనకి తెలియదు, రేబిస్ సూది ఇంకా పడలేదు. కుక్కపిల్లల వల్ల కూడా రేబిస్ వస్తుంది. ఆటలో దాని పంటి గాటు పడి రక్తం వచ్చినా, గోరు గీరుకుపోయినా, వెంటనే సబ్బుతో కుళాయి నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి సూదులు మొదలుపెట్టించుకోండి. ఈ నెల రోజుల్లో ఇప్పటికే అలాంటి గాటు ఏదైనా పడి ఉంటే ఈ జవాబు చదవగానే వెళ్లండి. వీధికుక్క కరిచినా అంతే, మనిషినైనా, రాజానైనా, చిట్టినైనా.

అత్తయ్యగారి మాట నాకు అర్థమవుతుంది, మూడు కుక్కల ఇంట్లో ఊడ్చేదీ, తుడిచేదీ, మీరు బయటికెళ్తే చూసుకునేదీ ఆవిడే అయ్యుంటారు. వాదించకండి. సాయంత్రం బూందీ నడిచొచ్చాక ఆ చికెన్ ముక్క ఆవిడ చేత్తోనే పెట్టించండి, కూర్చుంటేనే పెట్టమనండి. అది రోజూ ఆవిడ గది ముందు వెళ్లి కూర్చోవడం మొదలుపెడుతుంది, మిగతాది అదే చూసుకుంటుంది.

రెండో సూది డేట్ ఎప్పుడో పుస్తకంలో చూసి, ఈ వారమే డాక్టర్‌కి ఫోన్ చేయండి. హార్నెస్, సంచి ఈలోపు కొనుక్కోండి. రాజాతో మొదటి జంట నడక అయ్యాక ఎలా జరిగిందో నాకు రాయండి, చిట్టి సంగతి కూడా.